కొటేషన్‌లో 25 మి.మీ., ఇంటికొచ్చింది 18: టీటీ టేబుల్ వెనక్కి ఇవ్వొచ్చా?

ప్రశ్న: మాది హైదరాబాద్ మియాపూర్‌లో 60 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. నేను అసోసియేషన్ కార్యదర్శిని. ఈ ఏప్రిల్‌లో సికింద్రాబాద్‌లోని ఒక స్పోర్ట్స్ షాపులో 38 వేలకు టేబుల్ టెన్నిస్ టేబుల్ కొన్నాం. వాట్సాప్‌లో పంపిన కొటేషన్‌లో ‘25 ఎం.ఎం. టాప్, కాంపిటీషన్ క్వాలిటీ’ అని ఉంది. షాపులో చూపించిన టేబుల్ కూడా అలాంటిదే. 20 వేలు యూపీఐలో, మిగతాది నగదుగా ఇచ్చాం. పక్కా బిల్లు ఇవ్వలేదు, చీటీ రాసిచ్చారు. టేబుల్‌ను స్టిల్ట్ పార్కింగ్‌లో వేసుకున్నాం. వానలు మొదలయ్యాక ఒక సగం వంగింది, ఆ మూలల్లో బంతి లేవడం లేదు. అనుమానం వచ్చి కొలిస్తే మందం 18 మి.మీ. మాత్రమే. అడిగితే, ‘చూసుకునే తీసుకున్నారు, బయట పెట్టి పాడు చేశారు, అమ్మిన సరుకు వెనక్కి తీసుకోం’ అంటున్నారు. అసోసియేషన్ తరఫున కేసు వేయొచ్చా? బిల్లు లేకుండా నిలుస్తుందా?

జవాబు: వేయొచ్చు. అయితే మీ ఉత్తరంలో రెండు ఫిర్యాదులు కలిసిపోయి ఉన్నాయి. టాప్ వంగిపోవడం ఒకటి, చెప్పిన మందం లేకపోవడం ఇంకొకటి. మీ కోపమంతా మొదటిదాని మీద ఉంది. మిమ్మల్ని గెలిపించగలిగేది మాత్రం రెండోదే.

వంగడం సంగతి ముందు చూద్దాం. లోపల ఆడుకునే టేబుళ్ల పైభాగం సాధారణంగా పార్టికల్ బోర్డుతోనో ఎండీఎఫ్‌తోనో, అంటే చెక్క పొట్టును జిగురుతో నొక్కి చేసిన పలకలతో చేస్తారు. తేమ తగిలితే అది ఉబ్బుతుంది, వంగుతుంది. స్టిల్ట్‌కు పైకప్పు ఉంటుంది కానీ గోడలు ఉండవు కదా, జల్లు కొడుతుంది. వారంటీ కాగితంలో ‘లోపల వాడటానికి మాత్రమే’ అన్న మాట ఉంటే షాపు తరఫు వకీలు మొదట అదే చూపిస్తాడు. పైగా అపార్ట్‌మెంట్లలో టీటీ టేబుల్ మీద బట్టలు ఇస్త్రీ చేయడం, వడియాలు ఎండబెట్టడం మామూలే. మీ దగ్గర అలాంటివి జరిగి ఉంటే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడక ముందే మీ వకీలుకు చెప్పేయండి.

మందం విషయంలో వాళ్లకు ఈ దారి లేదు. నీళ్లు తగిలిన బోర్డు ఉబ్బుతుందే గానీ 25 నుంచి 18కి తగ్గదు. టేబుల్ చుట్టూ ఉండే ఇనుప పట్టీ వల్ల పక్కనుంచి చూస్తే టాప్ మందంగానే కనిపిస్తుంది. ‘చూసుకునే తీసుకున్నారు’ అన్న వాదనకు ఇదే జవాబు: కొలత కిందికి వంగి చూస్తే గానీ తెలియదు, పైగా మీరు చూసింది షోరూమ్‌లోని టేబుల్‌ను, మీకు వచ్చింది వేరేది. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం సెక్షన్ 15 ప్రకారం వివరాలు చెప్పి అమ్మిన సరుకు ఆ వివరాలకు సరిపోవాలి. నమూనా కూడా చూపి అమ్మితే రెండింటికీ సరిపోవాలి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(10)లో ‘లోపం’ నిర్వచనం ఇంకా విశాలమైనది. చట్టం కోరిన ప్రమాణమే కాదు, ఒప్పందంలో ఉన్న ప్రమాణం, వ్యాపారి తానుగా చెప్పుకున్న ప్రమాణం లేకపోయినా అది లోపమే.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ‘అంతర్జాతీయ నిబంధనల ప్రకారం టాప్ 25 మి.మీ. ఉండాలి’ అని ఫిర్యాదులో రాస్తారు. ఆట నిబంధనల్లో ఆ మాట లేదు. పొడవు 2.74 మీటర్లు, వెడల్పు 1.525 మీటర్లు, నేల నుంచి ఎత్తు 76 సెం.మీ. అని ఉంది. ఉపరితలం ఏ పదార్థంతోనైనా చేయొచ్చు, కానీ 30 సెం.మీ. ఎత్తు నుంచి బంతిని వదిలితే అంతటా ఒకేలా సుమారు 23 సెం.మీ. లేవాలి అంటుంది నిబంధన. 25 అన్న అంకె మీకు హక్కుగా వచ్చింది కొటేషన్ వల్లే. కాబట్టి ఫిర్యాదు కూడా దాని మీదే నిలబెట్టండి. ‘కాంపిటీషన్ క్వాలిటీ’ అన్న మాటకు మాత్రం ఈ బంతి పరీక్ష పనికొస్తుంది. దాన్ని వంగని సగం మీద, పక్కన స్కేలు పెట్టి వీడియో తీయండి. వంగిన సగం మీద తీస్తే నెపం వానల మీదికి పోతుంది.

బిల్లు లేదని టెన్షన్ పడకండి. బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) కింద వాళ్ల తప్పే, అది అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం కూడా అదే సెక్షన్‌లోకి వస్తుంది. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులో, లేకపోతే 30 రోజుల్లో ఇవ్వాలి. ‘అమ్మిన సరుకు వెనక్కి తీసుకోబడదు’ అని చీటీ మీద అచ్చు వేసుకున్నంత మాత్రాన ఈ బాధ్యత పోదు. మీకు కావలసిన రుజువులు: కొటేషన్, యూపీఐ చెల్లింపు, చీటీ, అసోసియేషన్ క్యాష్ బుక్‌లో మిగతా 18 వేల నమోదు. ఈ నగదు గురించి వాట్సాప్‌లో ఒక్క మాటైనా జరిగి ఉంటే ఆ ఫోన్ మార్చకండి, చాట్ తుడిచేయకండి.

అసోసియేషన్ ఫిర్యాదు చేయొచ్చా అన్నారు. చట్టంలో ‘వ్యక్తి’ అంటే మనుషులే కాదు, రిజిస్టరైనా కాకపోయినా వ్యక్తుల సంఘం కూడా వస్తుంది. వ్యాపారం కోసం కొని ఉండకూడదు, అంతే. లీలావతి కీర్తిలాల్ మెహతా మెడికల్ ట్రస్ట్ కేసులో ఆసుపత్రి తన నర్సుల హాస్టల్ కోసం కొన్న ఫ్లాట్లు వ్యాపార అవసరం కాదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. నివాసుల పిల్లలు ఆడుకునే టేబుల్ అంతకన్నా తేలికైన విషయం. కానీ ఆ టేబుల్ మీద ఎవరైనా కోచ్ బయటి పిల్లలకు ఫీజు తీసుకుని నేర్పుతున్నాడా? అలాగైతే షాపు ఈ అభ్యంతరం తప్పకుండా లేవదీస్తుంది.

ముందుగా కార్యవర్గ సమావేశంలో ఫిర్యాదు వేసే అధికారం మీకు ఇస్తూ తీర్మానం రాయించండి. ఇది లేక మూలపడిన కేసులు ఉన్నాయి. తర్వాత 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. చట్టం దాన్ని తప్పనిసరి చేయలేదు గానీ, నోటీసు అందగానే రాజీకి వచ్చే షాపులు తక్కువేం కాదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా ఖర్చు లేదు. అప్పటికీ దారికి రాకపోతే రంగారెడ్డి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. షాపు ఎక్కడున్నా మీరున్న చోటే వేసుకునే వీలు ఈ చట్టంలో ఉంది. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. రెండేళ్ల గడువుంది, కానీ అంతవరకు ఆగొద్దు. మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. నిజానికి ఎక్కువే పడుతుంది.

38 వేలు, దాని మీద వడ్డీ, ఖర్చులు అడగండి. మానసిక వేదనకు ఐదు లక్షలు అని రాయకండి. అసోసియేషన్‌కు మానసిక వేదన ఏమిటని బెంచీ నవ్వుకుంటుంది.

కొత్త టేబుల్ కొనుక్కోవాలనుకుంటే కొనుక్కోండి, దానికి కేసు అడ్డు కాదు. ఈసారి టాప్ మందం, పట్టీ మందం వేర్వేరుగా రాయించి, పక్కా బిల్లు తీసుకోండి. అంతర్జాతీయ సమాఖ్య ఆమోదం ఉందని చెబితే బ్రాండ్ పేరు చూసి నమ్మకండి, ఆ మోడల్ పేరు సమాఖ్య జాబితాలో ఉందో లేదో చూడండి. పాత టేబుల్‌ను మాత్రం అమ్మడం, రంగు వేయడం, మరమ్మతు చేయించడం ఏవీ చేయకండి. కమిషన్ దాన్ని సెక్షన్ 38 కింద పరీక్షకు పంపాలంటే అది ఇప్పుడున్నట్టే ఉండాలి. తడి తగలని గదిలోకి మార్చి, మార్చిన రోజు ఫొటోలు తీసి పెట్టుకోండి.