పాఠకుల ప్రశ్నలు – జవాబులు: వెలిగొండలు దాటి నల్లమలకు

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో మూడు రోజులు కారులో తిరిగి రావాలనుకుంటున్నాం. పిల్లలు ఊటీ అంటున్నారు. అంత దూరం పోకుండా, నెల్లూరులో బయలుదేరి పాత కోటలు, అడవి, ఘాట్ రోడ్లు చూసివచ్చే దారి ఏదైనా ఉందా? మాతో పాటు మా అత్తగారు కూడా వస్తున్నారు. ఆవిడ మెట్లు ఎక్కలేరు.
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: తప్పకుండా ఉంది. మన జిల్లాకు పడమటి హద్దుగా వెలిగొండలు, వాటికి అవతల సగిలేరు పారే లోయ, ఆ లోయ దాటితే నల్లమల ఉన్నాయి. నెల్లూరు నుంచి ఆత్మకూరు, ఉదయగిరి, సీతారాంపురం, పోరుమామిళ్ల, గిద్దలూరు మీదుగా నంద్యాల వెళితే ఈ రెండు కొండ వరుసలనూ అడ్డంగా దాటినట్టే. ఇటువైపు ప్రయాణమనగానే చాలామంది శ్రీశైలాన్ని ముందు పెట్టుకుని, సమయం చాలక ఉదయగిరిని వదిలేస్తారు. శ్రీశైలానికి ఎలాగూ మళ్లీ వెళతారు కాబట్టి, ఈసారికి దానినే పక్కన పెట్టమని నా సలహా.

మొదటి రోజు తెల్లవారుజామునే బయలుదేరండి. ఎండ ముదరకముందే ఉదయగిరి దుర్గం ఎక్కడం మొదలుపెట్టాలి. ఒడిశా గజపతి రాజుల చేతిలో ఉన్న ఈ కోటను శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించగా, అది 1514లో గానీ లొంగలేదు. కొండ చుట్టూ నిలువుగా లేచిన రాతి చరియలను కింద నిలబడి చూస్తేనే ఆ ఆలస్యానికి కారణం అర్థమవుతుంది. కోటను సమీపించడానికి ఒకే ఒక ఇరుకు దారి ఉండేదని, బురుజుల దగ్గరకు సైన్యాన్ని చేర్చడానికి రాయలు బండలు పగలగొట్టించి వెడల్పాటి బాట వేయించాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. విజయానికి గుర్తుగా ఇక్కడి నుంచి తీసుకువెళ్లిన బాలకృష్ణుని విగ్రహానికే రాయలు హంపీలో గుడి కట్టించాడు. కొండ మీద గోల్కొండ సుల్తానుల కాలపు మసీదు కూడా ఉంది. ఎక్కి దిగడానికి సగం రోజు పడుతుంది, పైన తాగునీరు దొరుకుతుందని నమ్మకం పెట్టుకోకండి.

మీరు కొండ ఎక్కుతున్నంతసేపూ మీ అత్తగారు కారులో కూర్చోనక్కరలేదు. ఊళ్లోనే చెక్క గరిటెలు, చెంచాలు చేసే కుటుంబాలు ఉన్నాయి. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పనిని దగ్గరగా చూడవలసిందే. చుట్టుపక్కల అడవుల్లో దొరికే నర్ది, బిక్కి వంటి చెక్కను చేతి పనిముట్లతో చెక్కి, ఆకురాయితో అరగదీసి నునుపు తెస్తారు. చెంచా కాడ చివర పూలు, జాలీలు తొలిచేటప్పుడు ఒక్క పెళుసు పోగు విరిగినా వస్తువంతా పోయినట్టే కనుక ఆ చివరి పని ఎవరూ తొందరపడి చేయరు. కొనేటప్పుడు కాడను వేలితో నిమిరి చూడండి, పొర లేచినట్టు తగిలితే ఇంకొకటి అడగండి.

సీతారాంపురం దాటాక ప్రకాశం వైపు కొంత పక్కకు వెళితే భైరవకోన వస్తుంది. అక్కడ ఒకే కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు వరుసగా కనిపిస్తాయి. ద్వారపాలకులు, సింహాలు మోసే స్తంభాలు, గూళ్లు అన్నీ ఆ రాతిలోంచి వచ్చినవే. పక్కనే జలపాతం దూకుతుంది. మనకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి కాబట్టి సంక్రాంతి నాటికి అందులో నీళ్లుండే అవకాశం బాగానే ఉంది. వేసవిలో వెళ్లినవారు నిరాశతో తిరిగివస్తారు.

అక్కడి నుంచి వెనక్కి వచ్చి వెలిగొండల ఘాట్ దాటితే పోరుమామిళ్ల. దాని చెరువును దారిలో కనపడే నీటి మడుగుగా చూసి పోకండి. బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి నుంచి పాలించిన భాస్కర భవదూరుడు 1369లో దీనిని తవ్వించాడు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేశాయని, మంచి చెరువుకు పన్నెండు లక్షణాలుండాలని అక్కడి శాసనం చెబుతుంది. ఆ పొద్దున ఎక్కిన కోట నుంచి పరిపాలన ఎంత దూరం సాగేదో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. రాత్రికి గిద్దలూరు చేరవచ్చు.

రెండో రోజు ముందుగా కంభం వెళ్లిరండి. కొంత వెనక్కి పోయినట్టవుతుంది గానీ, రెండు కొండల నడుమ సందులో గుండ్లకమ్మకు అడ్డంగా 57 అడుగుల ఎత్తు కట్ట వేసి అంత పెద్ద చెరువును నిలిపిన నేర్పు చూడదగ్గది. రాయల దేవేరి వరదరాజమ్మ కట్టించిందని ఇక్కడివారు చెబుతారు. కంభం, పోరుమామిళ్ల చెరువులు రెండింటికీ 2020లో ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడాలుగా గుర్తింపు వచ్చింది. మధ్యాహ్నం భోజనం చేసి దిగువమెట్ట, పచ్చెర్ల మీదుగా నల్లమల ఘాట్ ఎక్కితే వెలుతురు ఉండగానే గాజులపల్లె దగ్గర దిగుతారు. ఈ అడవిలోనే, 1880లలో వేసిన మీటరుగేజి రైలుదారికి చెందిన దొరబావి వంతెన స్తంభాలున్నాయి. 1990లలో బ్రాడ్‌గేజి వేసినప్పుడు దారి మారడంతో అవి ఒంటరిగా మిగిలిపోయాయి. అటవీశాఖ అనుమతి లేకుండా రోడ్డు దిగి వాటికోసం వెళ్లకండి. మహానందిలో కోనేటి స్నానంతో మూడో రోజు మొదలుపెడితే, వచ్చిన దారినే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు.

ప్రశ్న: తిరుగు ప్రయాణంలో నంద్యాల నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా మార్కాపురం రావాలని మా ఆలోచన. రాత్రిపూట అడవిలో జంతువులు కనిపిస్తాయని మిత్రులు ఊరిస్తున్నారు. రాత్రి బయలుదేరవచ్చా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: బయలుదేరకండి. అది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్ రోడ్డులో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను అనుమతించరు, ఆత్మకూరు వైపు కూడా చెక్‌పోస్టు సమయం ముందే కనుక్కుని వెళ్లాలి. రాత్రిపూట హెడ్‌లైట్ల వెలుగు కళ్లలో పడితే జింకలు, దుప్పులు పక్కకు తొలగకుండా రోడ్డు మధ్యనే నిలిచిపోతాయి, వాటికోసమే ఈ నిషేధం. జంతువులను చూడాలన్న కోరిక ఉంటే గేటు తీసే వేళకు అక్కడ ఉండండి. కోతులకు అరటిపళ్లు విసరకండి. ఈ అలవాటు వల్లే అవి రోడ్డు పక్కకు చేరి చక్రాల కింద పడుతున్నాయి. ఫోనులో దారి చూసుకునేవారికి ఇంకొక మాట: నెల్లూరు జిల్లాలోనూ ఒక ఆత్మకూరు ఉంది. ఏ ఆత్మకూరో చూసి నొక్కండి.

ప్రశ్న: లైసెన్సు వచ్చి ఏడాది అయింది. ఘాట్‌లో ఇంతవరకూ నడపలేదు. ఈ దారిలో నడపగలనా?
– ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: నడపగలరు. ఏ గేరులో ఎక్కారో దాదాపు ఆ గేరులోనే దిగండి. న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు మీదే కాలుంచి దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు వదులుతాయి. ఇరుకైన చోట ఎదురుపడితే ఎక్కే బండికి దారివ్వాలి. మలుపుకు ముందు హారన్ కొట్టి, మలుపులో ఓవర్‌టేక్ మానుకోండి. వెనుక లారీ తొందరపెడితే వెడల్పుగా ఉన్నచోట ఎడమకు జరిగి ముందుకు పోనివ్వండి. పెట్రోలు ఉదయగిరిలో ఒకసారి, గిద్దలూరులో ఒకసారి నింపుకుంటే చాలు.