మైత్రికి వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

అంటార్కిటికాలో మన మైత్రి స్టేషన్‌కి, అదీ చలికాలం బృందంలో, నువ్వు ఎంపికయ్యావని మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. "దానికి ఈ పిచ్చి ఎక్కించింది నువ్వే" అని తిట్టింది కూడా. ఆ రాత్రంతా పాత ఫొటోలు ముందేసుకుని కూర్చున్నాను. గర్వమెంతో భయమూ అంతే.

బట్టలూ బూట్లూ వాళ్ళే ఇస్తారు. వెళ్ళేముందు ఉత్తరాఖండ్ మంచుకొండల్లో, ఔలీలో ఇచ్చే శిక్షణ కష్టమే, తట్టుకుంటావు. ఒట్టి చేత్తో ఇనుము ముట్టుకోకు. బయటికి వెళ్తే చెప్పి వెళ్ళు. మంచు తుపానులో తాడు వదలకు. మే చివర్లో సూర్యుడు పోతే సుమారు రెండు నెలలు కనిపించడు, అప్పుడు కూడా వేళకి పడుకుని వేళకి లే. వంటింటి డ్యూటీ అందరికీ వంతులవారీగా పడుతుంది. తిన్న కంచం కూడా తీయనిదానివి, పాతిక మంది అంట్లు ఎలా తోముతావో!

నీళ్ళ సంగతి మాత్రం తీరిగ్గా చెప్పాలి.

స్టేషన్ పక్కనే ప్రియదర్శిని సరస్సు ఉంటుంది. పైన మంచు గడ్డకట్టినా అడుగున నీళ్ళుంటాయి. పంపు వాటిని పైపులోంచి తోడుతుంది. పైపు వెంట వేడిచేసే తీగ ఉంటుంది, అది ఆగితే పైపు గడ్డకడుతుంది. నేను అక్కడున్నప్పుడు ఒక రాత్రి కాపలా నాది. ఏదో సర్దుతూ ఆ తీగ స్విచ్ ఆపాను, మళ్ళీ వేయడం మర్చిపోయాను. తెల్లవారుజామున నాలుగింటికి కుళాయి తిప్పితే సన్నగా కారి ఆగిపోయింది. నాకు గుండె జారింది.

మెకానిక్‌ని లేపాలి. నాకు సిగ్గేసింది. వచ్చి నెల కూడా కాలేదు, పనికిమాలినవాడంటారని టెన్షన్. కెటిల్‌లో నీళ్ళు మరిగించి, ఒక్కణ్ణే బయటికి వెళ్ళి, పైపు మీద పోసుకుంటూ కూర్చున్నాను. పోసిన నీళ్ళే పైపు చుట్టూ గడ్డకట్టాయి. రెండు గంటలు! అంతసేపూ లోపల ఇంకా ఇంకా బిగుసుకుపోయింది. నేను బయట ఉన్నట్టు ఎవరికీ తెలియదు కూడా. ఇప్పుడు తలుచుకుంటే దానికే ఎక్కువ వణుకు పుడుతుంది.

తర్వాత ఐదు రోజులు మంచు గడ్డలు కొట్టి కరిగించుకుని బతికాం. స్నానాల్లేవు. వంటాయన ఒక్క మాట అనలేదు, అదే నాకు నరకం. చివరికి మెకానిక్కే అన్నాడు: "లేపితే ఏం చేసేవాణ్ణి? పది నిమిషాలు తిట్టేవాణ్ణి. అంతేగా?"

ఇది నీకు చెప్పడానికి కారణముంది. ఏడేళ్ళప్పుడు చెట్టు మీంచి పడి చెయ్యి విరిగితే రెండు రోజులు చొక్కా చేతిలో దాచుకున్న పిల్లవి నువ్వు. పెద్దయ్యాక మారావని నాకు నమ్మకం లేదు. అక్కడ డాక్టరు ఉంటారు, మందులుంటాయి. కానీ చలికాలంలో ఓడ రాదు, విమానం రాదు. దాచిన నొప్పికి అక్కడ వేరే ఆసుపత్రి లేదు. తప్పు చేస్తే తిట్లు తిను తల్లీ, వాటితో ఎవరూ చచ్చిపోలేదు.

ఔలీ వెళ్ళేముందు ఒకసారి వచ్చి కనిపించు. నా పాత ఉన్ని టోపీ ఉంది, అదీ ఇస్తాను. అన్నట్టు, పోయిన పండక్కి ఎడమవైపే నములుతున్నావు, చూశాను. ఆ పన్ను చూపించుకున్నావా? మీ అమ్మకి చెప్పనులే. నాకు మాత్రం నిజం చెప్పు.

మీ మావయ్య