తోడు పెరుగు

సందేహం: అక్కా, మాది హనుమకొండ. పెళ్లయి అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్‌కి వచ్చి మూడు నెలలయింది. ఆయన పొద్దున వెళ్తే మళ్లీ రాత్రి ఏడింటికే వస్తారు. ఇక్కడ షాపుల్లో ఏది చూసినా డబ్బాలోనో ప్యాకెట్‌లోనో ఉంటోంది. ఏది అసలైన తిండో, ఏది ఫ్యాక్టరీ తిండో ఎలా తెలుస్తుంది? ఆర్గానిక్ అని రాసినవే కొనాలా? మధ్యాహ్నం నా ఒక్కదానికీ వండుకోబుద్ధి కాక చిప్సో, ఫ్రోజెన్ పరోటానో తినేస్తున్నాను.

జవాబు: చెల్లీ, నువ్వడిగిన ప్రశ్నలు చిన్నవి. అసలు సంగతి నువ్వు చివర్లో రాసిన మాటలో ఉంది. ముందు చిన్నవాటికి జవాబు చెప్పేస్తాను.

ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడు. అందులో వాడిన సరుకులను బరువు ఎక్కువున్నది ముందు, తక్కువున్నది చివర వచ్చేలా రాయాలన్నది ఇక్కడి రూలు. మొదటి మూడు పేర్లు చదివితే సగం తెలిసిపోతుంది. 'ఎన్‌రిచ్డ్ ఫ్లోర్' అని ఉంటే అది విటమిన్లు కలిపిన మైదా అనుకో, బ్రెడ్ ఎంత గోధుమరంగులో ఉన్నా సరే. 'యాడెడ్ షుగర్స్' అని వేరే లైను ఉంటుంది, నాలుగు గ్రాములంటే ఒక చెంచా పంచదార. ఆడవాళ్లు రోజుకు 25 గ్రాములు దాటొద్దని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్తుంది. ఆర్గానిక్ అన్న ముద్ర పంట ఎలా పండించారో, ఏవేవి కలపలేదో చెప్తుంది గానీ, ఫ్యాక్టరీలో దాన్ని ఎంతగా మార్చారో చెప్పదు. ఆర్గానిక్ బిస్కెట్ కూడా బిస్కెట్టే. అలాగని ఫ్రీజర్‌లో ఉన్నదల్లా చెడ్డది కాదు. ఫ్రోజెన్ బెండకాయ ముక్కల ప్యాకెట్ తిప్పితే బెండకాయ అన్న ఒక్క పేరే ఉంటుంది, ధైర్యంగా కొను. నువ్వు తింటున్న పరోటా ప్యాకెట్ తిప్పు, చాలావాటిలో మైదా, పామాయిల్ కనిపిస్తాయి. మన షాపులో అమ్మినంత మాత్రాన అది మన తిండి అయిపోదమ్మా. మిగతావన్నీ ఇక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సైట్‌లో ఉన్నాయి, తీరిగ్గా చదువుకో.

ఇక 'నా ఒక్కదానికీ వండుకోబుద్ధి కాక' అన్నావే, దాని గురించి నాకు తెలిసినంతగా ఆ సైట్లకు తెలియదు.

నేను 2001 జనవరిలో ఫార్మింగ్టన్ హిల్స్‌లో దిగాను. మావారు కన్సల్టింగ్‌లో ఉండేవారు. సోమవారం తెల్లారుజామున విమానం ఎక్కితే గురువారం రాత్రి దిగేవారు. ఉన్న ఒక్క కారూ ఎయిర్‌పోర్టులోనే ఉండేది. నాకు లైసెన్సు లేదు, ఉద్యోగం చేయడానికి పర్మిషన్ లేదు, బయట మోకాలి లోతు మంచు. నడిచి వెళ్లగలిగినది రోడ్డవతలి పెట్రోలు బంకు ఒక్కటే. అందులో చిప్సు, కుకీలు, కూల్‌డ్రింకులు తప్ప ఏమీ ఉండేవి కావు.

నాకు వంట రాక కాదు. తెనాలిలో మాది పదకొండు మంది ఇల్లు. పద్దెనిమిదేళ్లకే పదకొండు మందికి రెండు కూరలు, పప్పు, చారు ఒంటి చేత్తో చేసేదాన్ని. మొదటి సోమవారం అలవాటుగా పప్పు, వంకాయ కూర చేసుకుని కంచం పెట్టుకుని కూర్చున్నాను. ఇంట్లో ఫ్రిజ్ రొద తప్ప ఇంకో చప్పుడు లేదు. ఇంకాస్త వేసుకోమనేవాళ్లు లేరు, ఉప్పు తక్కువైందనేవాళ్లూ లేరు. నాలుగు ముద్దలు తిని లేచిపోయాను. మిగిలిన కూర గురువారం దాకా ఫ్రిజ్‌లోనే ఉంది. పై వారం నుంచి మావారు లేని రోజుల్లో పొయ్యి వెలిగించడమే మానేశాను. శనివారం వెళ్లినప్పుడు ఫ్రోజెన్ డిన్నర్లు ఎనిమిదో పదో తెచ్చి పెట్టుకునేదాన్ని. అవి అయిపోతే బంకులో చిప్సు. టీవీ ముందు కూర్చుంటే ఎంత తిన్నానో, ఎప్పుడు తిన్నానో తెలిసేది కాదు. కాలింగ్ కార్డుతో అమ్మకు ఫోన్ చేసినప్పుడు మాత్రం ఈ రోజు గుత్తివంకాయ చేశానని చెప్పేదాన్ని. ఆ అబద్ధం తల్చుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఏడాది తిరిగేసరికి తొమ్మిది కిలోలు పెరిగాను. డిసెంబరులో రక్తపరీక్ష చేస్తే ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు, 240. అవి 150 లోపు ఉండాలి. అప్పుడు నాకు ఇరవయ్యారేళ్లు.

పెరుగన్నమైనా తినాలనిపించి పాలు తోడు పెడదామనుకున్నాను. తోడు ఎక్కడిది? షాపులో తెల్లగా ఉన్న యోగర్ట్ డబ్బా ఒకటి తెచ్చి, పేరు సరిగ్గా చూడకుండా గోరువెచ్చని పాలలో చెంచాడు వేసి రాత్రంతా గట్టు మీద పెట్టాను. అది వెనీలా యోగర్ట్. ఫిబ్రవరి చలికి పాలు పాలలాగే ఉన్నాయి, పైగా ఐస్‌క్రీమ్ వాసన. గిన్నె సింకులో వంపేసి అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆ డబ్బాలో జెలటిన్ కూడా ఉందని తర్వాత తెలిసింది. జెలటిన్ పశువుల ఎముకల నుంచీ, చర్మం నుంచీ తీస్తారు. శాకాహారులకు పనికిరాదు, చూసుకో.

ఆ శనివారం ఇండియన్ షాపులో ములక్కాడల దగ్గర ఒకావిడ తన చంటిపిల్లతో తెలుగులో మాట్లాడుతోంది. ముందూ వెనకా చూసుకోకుండా, 'ఏమండీ, మీ ఇంట్లో తోడు ఉంటుందా?' అని అడిగేశాను. పేరు కూడా అడక్కుండా తోడు అడిగాను. ఆమెది ఒంగోలు. అదే సాయంత్రం చిన్న స్టీలు గిన్నెలో రెండు చెంచాల పెరుగు వేసి, పైన ఫాయిల్ చుట్టి తెచ్చి ఇచ్చింది. కిటుకు కూడా ఆమే చెప్పింది. పాలు వేలు పెడితే ఓర్చుకునేంత వెచ్చగా ఉండాలి. తోడు కలిపి మూత పెట్టి ఓవెన్‌లో ఉంచాలి. ఓవెన్ వెలిగించకూడదు, లోపలి లైటు మాత్రం వేసి వదిలేయాలి. ఆ బల్బు వేడి చాలు. పొద్దున తీస్తే పైన పలచటి మీగడ కట్టి, గిన్నె వంచినా కదలకుండా తోడుకుని ఉంది. ఆ పెరుగులో అన్నం కలుపుకుని, మాగాయ ముక్క నంజుకుని తిన్నాను. ఏడాదిలో కడుపు నిండా తిన్న భోజనం అదే.

పై మంగళవారం ఆమె పిల్లనెత్తుకుని భోజనానికి వచ్చింది. మనిషి వస్తోందంటే నాలుగు కూరలు వాటంతటవే తయారయ్యాయి. ఇక ప్రతి మంగళవారం నేనొకటి, ఆమె ఒకటి వండుకుని కూర్చునేవాళ్లం. ఇంకో ఇద్దరు కలిశారు. ప్యాకెట్లు మానాలని నేను ఒట్టేమీ పెట్టుకోలేదు. వాటి అవసరం లేకపోయింది. ఏడాదిన్నరలో ఏడు కిలోలు తగ్గాను. ఆ ఒంగోలు తోడు 2009 దాకా నడిచింది. నెలన్నర ఇండియా వెళ్లొచ్చేసరికి పాడైపోతే, నేను ఎవరికైతే ఇచ్చానో వాళ్ల దగ్గర్నుంచే తిరిగి తెచ్చుకున్నాను. ఆ తోడే ఇవాళ్టికీ నా ఫ్రిజ్‌లో ఉంది.

ఇదంతా నా సొంత పైత్యం అనుకుంటావేమో. తిండిని ఎంత మార్చారన్న దాన్ని బట్టి నాలుగు రకాలుగా విడదీసినవాళ్లు బ్రెజిల్‌లో సావో పాలో యూనివర్సిటీకి చెందిన కార్లోస్ మొంతెయిరో బృందం. 2014లో బ్రెజిల్ ప్రభుత్వం తన ప్రజలకు ఇచ్చిన ఆహార సూచనల్లో ఫ్యాక్టరీ తిండి మానండన్న మాటతో పాటు, వీలైనప్పుడల్లా నలుగురితో కలిసి తినండన్న మాట కూడా ఉంది. అది చదివినప్పుడు మా మంగళవారాలే గుర్తొచ్చాయి. 2019లో ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌లో కెవిన్ హాల్ బృందం 20 మందిని నెల రోజులు ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టింది. ఎంత కావాలంటే అంత తినొచ్చు. ఫ్యాక్టరీ తిండి పెట్టిన రోజుల్లో వాళ్లు రోజుకు సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో దాదాపు కిలో పెరిగారు. తొందరతొందరగా కూడా తిన్నారట. ఎదురుగా మాట్లాడే మనిషి ఉంటే అంత తొందర ఎక్కడిది?

మీ రోజుల్లో వీడియో కాల్ ఉంది, సరుకులు గుమ్మం ముందుకే వస్తున్నాయి. అందుకే మీ తరానికి ఒంటరితనం ఉండదనుకుంటారు అందరూ. నేననుకోను. సరుకులు ఇంటికే రావడం వల్ల షాపులో ములక్కాడల దగ్గర మనిషి కలిసే దారి కూడా మూసుకుపోయింది. అందుకే చెప్తున్నాను, ముందు డ్రైవింగ్ నేర్చుకో. ఏ కాగితాలు కావాలో మన రాష్ట్రంలో లైసెన్సులిచ్చే సెక్రటరీ ఆఫ్ స్టేట్ సైట్‌లో చూడు. ఉద్యోగం సంగతి కూడా అడుగుతావని తెలుసు. 2015 నుంచి హెచ్4 వాళ్లకు, అంటే హెచ్1బీ వీసా మీద పనిచేసేవాళ్ల భార్యాభర్తల్లో కొందరికి, పర్మిషన్ ఇస్తున్నారు, నీకు వర్తిస్తుందో లేదో వలసల శాఖ యూఎస్‌సీఐఎస్ సైట్‌లో ఉంటుంది.

కారు చేతికొస్తే డియర్‌బోర్న్‌లో అరబ్బుల కూరగాయల షాపులకు వెళ్లు. ఎండాకాలంలో అక్కడ కట్టలు కట్టి అమ్మే 'పర్స్‌లేన్' మరేదో కాదు, మీ గంగవాయిలి కూరే. పప్పులో వేసుకుంటే హనుమకొండ గుర్తొస్తుంది. మెక్సికన్ షాపులో పొర కప్పుకున్న పచ్చి టమాటాల్లాంటి టొమాటియోలు ఉంటాయి, రోటిపచ్చడికి అంతకంటే మంచివి లేవు. నవంబరులో క్రాన్‌బెర్రీలు వస్తాయి, పప్పులో వేస్తే గోంగూరలా పులుపు దిగుతుంది. నాలుగు ప్యాకెట్లు కొని ఫ్రీజర్‌లో పడేసుకో. శనివారం పొద్దున్నే డెట్రాయిట్ ఈస్టర్న్ మార్కెట్‌కు మీ ఆయన్ని తీసుకెళ్లు, రైతులతో మాట్లాడి కొనుక్కోవచ్చు. రాత్రి ఏడింటికి ఆయన వచ్చాక టీవీ కట్టేసి టేబుల్ దగ్గర కూర్చుని ఇద్దరూ కలిసే తినండి. మధ్యాహ్నం మాత్రం వారానికి ఒక్క రోజైనా ఎవర్నో ఒకర్ని పిలువు. మీ అపార్ట్‌మెంట్లలో తెలుగువాళ్లు లేకుండా ఉండరు. ఏం అడగాలో తెలియకపోతే తోడు ఉందా అని అడుగు.

ఎవరూ దొరక్కపోతే నేను నోవైలో ఉంటున్నాను, మీ ట్రాయ్ నుంచి అరగంట. ఈ శనివారం మీ ఆయన్ని తీసుకుని భోజనానికి రండి. వచ్చేటప్పుడు బిగుతుగా మూత పడే గిన్నె ఒకటి తెచ్చుకో, లేకపోతే దారిలో కారంతా ఒలికిపోతుంది.