పొద్దు పొడవకముందే ఒడ్డున ఉండండి

మీ ప్రశ్న ఇదీ: చలికాలంలో, జనం పెద్దగా లేని సముద్రతీరపు ఊళ్లో, యాప్ చూపించిన సూర్యోదయం టైముకు సరిగ్గా ఒడ్డుకు చేరారు. కాసేపట్లోనే రంగులన్నీ తెల్లబడిపోయాయి. ఇంతేనా అని అడుగుతున్నారు. ఇంతే కాదు, మీరు వెళ్లడమే ఆలస్యమైంది. పైగా సూర్యుణ్ణే చూస్తూ నిలబడి ఉంటారు. నన్నడిగితే ఆ పూట చూడదగ్గవాటిలో ఆఖరున వచ్చేది ఆ బింబమే.

యాప్‌లో 'సివిల్ ట్విలైట్' అని ఇంకో టైము ఉంటుంది. సూర్యుడు దిగ్మండలానికి (నింగీ నేలా కలిసినట్టు కనిపించే గీతకు) 6 డిగ్రీల కింద ఉన్నప్పుడు అది మొదలవుతుంది. అప్పటికే మీరు అక్కడ ఉండాలి. అక్కడి నుంచి పొద్దు పొడిచేదాకా 17వ ఉత్తర అక్షాంశం (మన కాకినాడ) దగ్గర 24 నిమిషాలు, 50వ అక్షాంశం (ఇంగ్లండ్ దక్షిణ తీరం) దగ్గర దాదాపు 40 నిమిషాలు పడుతుంది. పొడిచాక సూర్యుడు 6 డిగ్రీలు ఎక్కేదాకా ఉండే నీరెండదీ ఇదే లెక్క: మొదటి చోట అరగంట, రెండో చోట గంటకు కాస్త అటూ ఇటూ. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ సూర్యుడు నిటారుగా కాక ఏటవాలుగా పైకెక్కుతాడు కాబట్టి ఈ తేడా. ఇంకో సంగతి, అన్నిటికన్నా ఆలస్యపు సూర్యోదయం, పగలు అతి తక్కువగా ఉండే డిసెంబర్ 21న రాదు. ఉత్తరార్ధగోళంలో ఆ తర్వాత కూడా కొన్ని రోజులు, భూమధ్యరేఖకు దగ్గరైతే కొన్ని వారాలు, ఇంకా ఆలస్యమవుతూనే ఉంటుంది. అలారం ఒకసారి పెట్టి వదిలేయకండి.

దిక్కు దగ్గర చాలామంది పొరబడతారు. ఉత్తరార్ధగోళంలో చలికాలపు సూర్యుడు సరిగ్గా తూర్పున పొడవడు. డిసెంబర్ చివర 17వ అక్షాంశంలో తూర్పు నుంచి దక్షిణానికి 25 డిగ్రీలు, 50వ దాంట్లో 38 డిగ్రీలు జరిగి ఉంటాడు. వేసవిలో చూసి పెట్టుకున్న చోటికే వెళ్తే అతను ఏ కొండ వెనకో ఉంటాడు. చెయ్యి చాపి పిడికిలి పడితే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. సగం పిడికిలి ఎత్తున్న కొండో మేడో అడ్డం ఉంటే ఎండ మీ మీద పడటానికి 17వ అక్షాంశంలో 20 నిమిషాల పైన, 50వ దాంట్లో 40 నిమిషాల దాకా ఆలస్యం. ముందురోజు సాయంత్రమే దిక్సూచితో చూసుకోండి.

తూర్పు తీరమైతే పొద్దు పొడిచేదాకా సముద్రాన్ని చూడండి, పొడవగానే ఊరి వైపు తిరగండి. గోడలు, పడవలు, కిటికీ అద్దాలు అప్పుడు వెలుగుతాయి. సూర్యుడు 5 డిగ్రీల ఎత్తులో ఉంటే నీడ మనిషికి పదకొండింతలుంటుంది, అందుకే ఇసుక మీది చిన్న మడతలు కూడా తేలి కనిపిస్తాయి. (అలలకు వీపు పెట్టాల్సి వస్తుంది కాబట్టి తడి ఇసుక దాటి పైకి వచ్చాకే తిరగండి.)

పడమటి తీరమని నిరాశపడేవాళ్లున్నారు. నాకైతే అదే ఇష్టం. గాలి తేటగా ఉంటే, పొద్దు పొడవకముందు సముద్రం పైన బూడిద నీలం పట్టీ, దాని మీద గులాబీ రంగు పట్టీ కనిపిస్తాయి. ఆ నీలం భూమి నీడ. పొద్దు దగ్గరపడేకొద్దీ అది కిందికి దిగి నీళ్లలో కలిసిపోతుంది.

నీళ్లు అద్దంలా ఉండాలంటే తెల్లవారుజామే మంచిది. రాత్రి నేల చల్లబడటంతో గాలి నేల నుంచి సముద్రానికి వీస్తుంది, ఒడ్డు దగ్గర అలలు అణుగుతాయి. ఎండ ముదిరాక గాలి తిరగబడి ఆ ప్రతిబింబం చెదురుతుంది. తడి ఇసుక మెరుపు కావాలంటే మాత్రం ఆటుపోట్ల పట్టిక చూడాలి. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, రోజుకు రెండు పోట్లు వచ్చే తీరంలో ఈ రోజు సూర్యోదయానికి ఆటు ఉంటే వారం తర్వాత అదే వేళకు పోటు ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకటి రెండు రోజుల్లో ఆటు వేళ నీరు సముద్రం వైపు బాగా వెనక్కి వెళ్తుంది.

మబ్బు అసలు లేని ఆకాశం కన్నా పైన పలచటి మబ్బున్న రోజు రంగులెక్కువ. వాన వెలిసిన మర్నాడు గాలి తేటగా ఉంటుంది. పొగమంచు కమ్మితే వెనక్కి రాకండి, గంట ఆగితే పలచబడుతూ చాలాసార్లు అసలు వెలుగు అప్పుడే వస్తుంది.

ఫోటోలు తీస్తే వైట్ బ్యాలెన్స్ (కెమెరాలో రంగులను సరిచేసే సెట్టింగ్) ఆటోలో వద్దు, ఆ పసుపును తప్పనుకుని అది తీసేస్తుంది. 'డేలైట్'లో పెట్టి, ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి తీసుకునే వెలుగు) ఒక స్టాప్ లోపు తగ్గించండి; ఒక స్టాప్ తగ్గిస్తే వెలుగు సగమవుతుంది. లెన్స్ మీది ఉప్పును పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ముందు గాలి ఊది, మంచినీళ్లతో తడిపిన మెత్తటి గుడ్డతో అద్దండి. చలిలోంచి వెచ్చటి గదిలోకి రాగానే కెమెరా తీయకండి, సంచి మూసి ఉంచి గది వేడికి వచ్చాకే తెరవండి. లేదంటే లెన్స్ మీద నీటి ఆవిరి పడుతుంది.