ఫ్లాక్, డబ్ల్యూఎంఏ పాటలను కారులో వినడానికి ఎంపీ3గా మార్చాలంటే ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

మీ నాన్నగారి కారు ప్లేయర్ ఎంపీ3 తప్ప ఇంకేదీ పాడటం లేదని, మీ దగ్గరున్న భజన పాటల్లో సగం ఫ్లాక్, సగం డబ్ల్యూఎంఏ అని రాశారు (ఈ మూడూ పాటల ఫైళ్లలో రకాలు). నేను వాడేది ఫ్రీయాక్ (fre:ac). ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. ఫోల్డర్ మొత్తం అందులోకి లాగి, ఎంపీ3 తయారుచేసే లేమ్ (LAME) ఎంచుకుని స్టార్ట్ నొక్కితే చాలు. పదీ ఇరవై పాటలైతే వీఎల్‌సీ ప్లేయర్‌లోనే మార్చుకోవచ్చు. ఏదైనా దాని సొంత సైటు నుంచే దించుకోండి.

సాఫ్ట్‌వేర్ కంటే ముఖ్యమైన మాట ఒకటి చెప్పాలి. మార్చిన తర్వాత ఫ్లాక్ ఫైళ్లను డిలీట్ చేయకండి.

మా అవ్వది చంద్రగిరి దగ్గర పల్లె. ధనుర్మాసంలో ఆమె, పక్కింటి ఆడవాళ్లు తాళాలు వేస్తూ పాడిన పాటలను మా నాయన అరవై నిమిషాల క్యాసెట్‌లో పట్టాడు. అవ్వ పోయాక తిరుపతిలో మా ఇంట్లో టేప్‌రికార్డర్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపి, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేశాను. ఏమీ కుదించని వేవ్ ఫైలు 600 ఎంబీ దాటింది. 128 కేబీపీఎస్ (సెకను పాటకు ఎంత డేటా అనే లెక్క) ఎంపీ3 చేస్తే 58 ఎంబీకి వచ్చింది. ల్యాప్‌టాప్‌లో చోటు లేదని వేవ్ తీసేశాను. తర్వాత టేపు బుస్సుమనే శబ్దం తగ్గిద్దామని చూస్తే, తాళాల మోత నీళ్లలోంచి వచ్చినట్టు తయారైంది. ఎంపీ3 మన చెవికి పెద్దగా తెలియవనుకున్న శబ్దాలను పారేస్తుంది. శుభ్రం చేయబోతే ఆ లోటు బయటపడింది. మళ్లీ రికార్డు చేద్దామని క్యాసెట్ పెడితే రెండో వైపు టేపు చిక్కుకుని నలిగింది. ఆ వైపు పాటలు నాకు ఇప్పటికీ ఆ 128లోనే ఉన్నాయి. మొదటి వైపును మళ్లీ వేవ్‌గా ఎక్కించి, ఫ్లాక్ చేసి రెండు చోట్ల దాచాను. ఫ్లాక్ చేస్తే సైజు దాదాపు సగానికి తగ్గుతుంది, శబ్దం మాత్రం రవ్వంత కూడా పోదు.

అందుకే మీ ఫ్లాక్ పాటలను 256 లేదా 320 కేబీపీఎస్‌లో ఎంపీ3 చేసి, ఆ కాపీలనే పెన్‌డ్రైవ్‌లో వేయండి. డబ్ల్యూఎంఏ సంగతి వేరు. మామూలుగా దొరికే డబ్ల్యూఎంఏలో ఇప్పటికే కొంత పోయి ఉంటుంది, ఎంపీ3 చేస్తే ఇంకొంత పోతుంది. 320 పెట్టినా పోయింది తిరిగి రాదు, సైజే పెరుగుతుంది. ఆ పాటల సీడీలు ఇంట్లో ఉంటే వాటి నుంచే మళ్లీ తీసుకోండి, ఆ పని కూడా ఫ్రీయాక్ చేస్తుంది. అప్పట్లో డబ్బు కట్టి దించుకున్న కొన్ని డబ్ల్యూఎంఏలకు కాపీ చేయకుండా అమ్మినవాళ్లు వేసిన లాక్ (డీఆర్‌ఎం) ఉంటుంది. అలాంటివి మారకపోతే సాఫ్ట్‌వేర్ తప్పనుకోకండి.

మార్చాక కూడా కారులో పాడకపోతే పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 (FAT32) అనే ఫార్మాట్‌లో ఉందో లేదో చూడండి, లేకపోతే అందులోకి ఫార్మాట్ చేయండి. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి, ముందే వేరే చోట కాపీ పెట్టుకోండి. తెలుగు పేర్ల బదులు డబ్బాలు కనిపిస్తే పాట పాడైనట్టు కాదు, ఆ ప్లేయర్‌లో తెలుగు అక్షరాలు లేవంతే. మా నాయన కోసం నేను ఫైలు పేరుతో పాటు ఫైలు లోపల రాసి ఉండే పాట పేరును (టైటిల్ ట్యాగ్) కూడా ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చాను, ముందు 01, 02 అని నంబర్లు వేశాను. ఇప్పుడు అవ్వ పాటలు వరుస తప్పకుండా వస్తున్నాయి.