క్లిక్కులు వస్తున్నాయి, అమ్మకాలు రావడం లేదు: అఫిలియేట్ ప్రకటన ఆపేయాలా?

మూడు వారాలుగా ఫేస్‌బుక్‌లో డబ్బు పెట్టి అఫిలియేట్ ప్రకటన (మన లింకు నొక్కి ఎవరైనా వస్తువు కొంటే మనకు కమీషన్ వచ్చే ప్రకటన) నడుపుతున్నానని, క్లిక్కులు బాగానే పడుతున్నా కమీషన్ ఖర్చులో పావు వంతుకు మించడం లేదని, ఇంకో నెల చూడవచ్చా అని అడిగారు. ఆపేయమనే నా సమాధానం. మీ లెక్కలు చూడకుండానే ఇంత ధీమాగా చెప్పడానికి కారణం, ఇదే స్థితిలో నేను ఇంకో వారం, ఇంకో వారం అనుకుంటూ సంక్రాంతి ఖర్చులకని దాచుకున్న డబ్బు కాస్తా పోగొట్టుకోవడమే.

వంటింటి పరికరాల గురించి తెలుగులో రాసే చిన్న వెబ్‌సైటు నాది. రెండేళ్ల కిందట పండగకు ముందు ఒక టేబుల్‌టాప్ గ్రైండర్ మీద వ్యాసం రాసి, దానికి ప్రకటన ఇచ్చాను. గ్రైండర్ ధర 4,000 రూపాయలు, కమీషన్ 5 శాతం, అంటే అమ్మకానికి 200 రూపాయలు. క్లిక్కుకు 4 రూపాయలు పడేది, 18 శాతం జీఎస్టీతో కలిపి 4.72. జీఎస్టీ నమోదు లేని నాబోటివాళ్లకు ఆ పన్ను తిరిగి రాదు కనుక అదీ ఖర్చే. నిద్రపోతూ సంపాదించండని కోర్సులు అమ్మేవారు ఈ సంగతి మాత్రం చెప్పరు. ఆ లెక్కన పెట్టిన ఖర్చు తిరిగి రావాలంటే ప్రతి 42 క్లిక్కులకు ఒక అమ్మకం జరగాలి. 22 రోజుల్లో 1,310 క్లిక్కులు పడ్డాయి. 31 అమ్మకాలు కావలసిన చోట 11 జరిగాయి, వాటిలోనూ మూడు వాపసు వెళ్లాయి. చేతికి వచ్చింది 1,600, పోయింది 6,183.

భోగి ముందురోజు తెనాలిలో మా పిన్ని ఇంటికి వెళితే వంటింటి గట్టు మీద కొత్త గ్రైండర్ కనిపించింది. నేను రాసిన మోడలే, రంగు కూడా అదే. నా లింకు ద్వారానే కొన్నదేమోనని సంబరపడి అడిగాను. "నీ ప్రకటన కనపడినప్పుడల్లా నొక్కుతూనే ఉన్నానురా, నీకు డబ్బులొస్తాయని. కొనడం మాత్రం ఆదివారం మీ బాబాయితో బజారుకెళ్లి కొన్నాను. రాయి చేత్తో తడిమి చూడకుండా గ్రైండర్ కొంటారా ఎవరైనా?" అంది. ఆమె నొక్కిన ప్రతిసారీ డబ్బు కట్టింది నేనేనని చెప్పలేక ఊరుకున్నాను.

ఆ మాటతో నాకు అసలు విషయం బోధపడింది. నేను చేరిన అఫిలియేట్ కార్యక్రమంలో లింకు నొక్కిన 24 గంటల్లోపు కొంటేనే కమీషన్ వస్తుంది. నాలుగు వేల వస్తువును మన ఇళ్లలో 24 గంటల్లో ఎవరు తేలుస్తారు? పిన్నికి నచ్చి, బాబాయి సరేనని, ఆదివారం వచ్చేసరికి నా లింకు గడువు ఎప్పుడో తీరిపోయింది. వ్యాసం తన పని తాను చేసింది, లాభం మాత్రం బజారులోని దుకాణానికి వెళ్లింది. అలాంటప్పుడు బొమ్మ మార్చినా, శీర్షిక మార్చినా, మరో నెల నడిపినా ఫలితం మారదు.

అందుకని మీ వస్తువును కొనేవారు ఎంతకాలం ఆలోచిస్తారో, మీ లింకు ఎంతకాలం బతికి ఉంటుందో ముందు పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడే పొంతన లేకపోతే మిగతా లెక్కలు అనవసరం. పొంతన ఉండి, ఉదాహరణకు 50 క్లిక్కులకు ఒక అమ్మకం మీకు గిట్టుబాటు అయితే, 150 క్లిక్కుల దాకా ఓపిక పట్టండి, అప్పటికీ అమ్మకం లేకపోతే ఆపేయండి. నిజంగా ఆ స్థాయిలో అమ్ముడయ్యే వస్తువైతే అప్పటికీ ఒక్కటి కూడా అమ్ముడుపోకుండా ఉండే అవకాశం 5 శాతం లోపే. పది ఇరవై క్లిక్కులకే కంగారుపడి ఆపేసేవారినీ చూశాను, అదీ పొరపాటే.

ప్రకటన ఆపమన్నాను గానీ వ్యాసం తీసేయమనలేదు. నా గ్రైండర్ వ్యాసం ఇప్పటికీ ఉంది, గూగుల్‌లో వెతుక్కుంటూ వచ్చేవారు చదువుతున్నారు. పోయిన నెల రెండు అమ్ముడయ్యాయి, 400 రూపాయలు వచ్చాయి, ప్రకటన ఖర్చు సున్నా.