అమ్మానాన్నలతో ఏడు రోజులు ఇటలీ వెళ్తున్నాం. పాత కట్టడాలు, మ్యూజియంలలో ఏవి చూడాలి, ఏవి వదిలెయ్యాలి?

ముందు వదిలెయ్యాల్సినవి చెప్తాను: వెనిస్, మిలన్, పీసా. అవి బాగోవని కాదు. అరవై దాటినవాళ్లని వెంటబెట్టుకుని వారంలో ఆరు ఊళ్లు తిరిగితే చివరికి గుర్తుండేవి రైల్వే స్టేషన్లే. రోమ్‌లో మూడు రాత్రులు, ఫ్లోరెన్స్‌లో రెండు, నేపుల్స్‌లో రెండు ఉండండి. స్పీడు రైల్లో రోమ్ నుంచి ఫ్లోరెన్స్ గంటన్నర, అక్కణ్నుంచి నేపుల్స్ మూడు గంటలు.

నేను జర్మనీలో ఉంటాను. పోయినేడాది మే నెలలో అమ్మానాన్న తెనాలి నుంచి వస్తే ఇటలీ తీసుకెళ్లాను. మొదటిరోజే తప్పు చేశాను. పొద్దున వాటికన్ మ్యూజియం, మధ్యాహ్నం కొలోసియం అని ప్లానేశాను. వాటికన్‌లో గదుల వెంట గదులు దాటి, జనం తోసుకుంటుంటే సిస్టీన్ చాపెల్‌కి చేరేసరికి అమ్మ గోడవారన ఉన్న బల్ల మీద కూలబడిపోయింది. పైన మైకెలాంజిలో 1508 నుంచి 1512 దాకా నాలుగేళ్లు కష్టపడి బొమ్మలు వేసిన పైకప్పు. మా అమ్మ మోకాళ్లు పట్టుకుని కళ్లు మూసుకుంది. అక్కడ ఫోటోలు తియ్యనివ్వరు, గట్టిగా మాట్లాడనివ్వరు, అందుకని నన్ను తిట్టడం కూడా బయటికొచ్చాకే కుదిరింది. ఆ రోజు నుంచి మాకు ఒకటే రూలు: రోజుకి ఒక్కటే పెద్దది, మిగతా టైమంతా ఊరికే తిరగడం.

వాటికన్‌లో భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. చీరతో, ప్యాంటుతో వచ్చే మనవాళ్లకి ఇబ్బంది లేదు, షార్ట్స్ వేసుకున్న నన్నే ఆపారు. ఆదివారాలు మూసేస్తారు. నెలలో ఆఖరి ఆదివారం మాత్రం తెరుస్తారు, అదీ ఉచితం. ఉచితం కదా అని పెద్దవాళ్లతో ఆ రోజు వెళ్లకండి, క్యూ చూస్తేనే నీరసం వస్తుంది. పక్కనే సెయింట్ పీటర్స్ చర్చిలో కుడివైపు అద్దం వెనకాల పియేటా శిల్పం ఉంటుంది, చనిపోయిన ఏసుని ఒళ్లో పెట్టుకున్న మేరీ. 1972లో ఒకడు సుత్తితో కొట్టాక ఆ అద్దం పెట్టారు. అమ్మ కాసేపు చూసి, "అదేంట్రా, తల్లి కొడుకు కన్నా చిన్నదానిలా ఉంది?" అంది. ఐదొందల ఏళ్లుగా అందరూ అడుగుతున్న ప్రశ్న అదే. చెక్కేనాటికి మైకెలాంజిలోకి పాతికేళ్లు కూడా లేవు.

కొలోసియం టికెట్ గురించి జాగ్రత్త. 2023 అక్టోబరు నుంచి టికెట్ మీద పేరు ఉంటోంది, గేటు దగ్గర పాస్‌పోర్టుతో సరిచూస్తారు. మన తెలుగువాళ్లకి ఇక్కడే తంటా. అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, మొత్తం పేరంతా రెండో గడిలోనే ఉంటుంది. టికెట్ కొనేటప్పుడు రెండు గడులూ నింపితేగానీ ముందుకు పోలేదు. నేను నాన్న ఇంటిపేరు పెట్టేశాను. గేటు దగ్గర ఆపారు. ఇరవై నిమిషాలు పక్కన నిలబెట్టి, వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని, చివరికి పంపారు. మీరు పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు కొట్టండి, ఇంటిపేరు లేకపోతే ఉన్న పేరే రెండుగా విడగొట్టండి. టికెట్లు నెలరోజుల ముందు పెడతారు, పెట్టిన రోజే కొనెయ్యండి. అదే టికెట్ మీద పక్కనున్న ఫోరమ్ (పాత రోమ్ నడిబొడ్డు శిథిలాలు), పాలటైన్ గుట్ట కూడా చూడొచ్చు.

నిజం చెప్పాలంటే కొలోసియం బయటినుంచే ఎక్కువ బాగుంది. రోమ్‌లో మా ఇంటిల్లిపాదికీ నచ్చింది పాంథియోన్, రోమన్ల కాలపు గుడి. నాన్న పంచాయతీరాజ్‌లో ఏఈగా చేసి రిటైరయ్యారు. లోపలికి అడుగుపెట్టాక ఆయన్ని కదపడం మా వల్ల కాలేదు. అది దాదాపు 1,900 ఏళ్ల కిందటి కాంక్రీటు గోపురం. అడ్డం 43 మీటర్లు, నేల నుంచి ఎత్తూ అంతే. లోపల ఒక్క ఇనుప చువ్వ లేదు. అలాంటి స్టీలు లేని కాంక్రీటు గోపురాల్లో ఇప్పటికీ ప్రపంచంలో ఇదే పెద్దది. కింద ఆరు మీటర్లకు పైగా మందం, పైకి వెళ్లేకొద్దీ పల్చబడి నడినెత్తిన ఉన్న గుండ్రటి కన్నం దగ్గర మీటరుంపావు. కిందేమో బరువు కంకర, పైన తేలిగ్గా ఉండే అగ్నిపర్వతపు రాయి వాడారు. "మన కాంట్రాక్టర్లు కింద నుంచి పైదాకా ఒకటే కంకర పోస్తారు" అని నాన్న ఎవర్నో తలుచుకున్నారు. ఆ కన్నానికి మూత లేదు, వాన పడితే లోపలే పడుతుంది. నేల మధ్యలో కాస్త ఉబ్బుగా ఉండి, నీళ్లు పోవడానికి చిన్న చిన్న రంధ్రాలుంటాయి. మేం ఉన్నప్పుడు వాన పడలేదు, నాన్నకి ఆ దిగులు ఇంకా ఉంది. 2023 నుంచి టికెట్ పెట్టారు, ఇదివరకు ఉచితం.

రోమ్‌లో నీళ్లు కొనకండి. వీధుల్లో నాజోని అని ఇనుప కుళాయిలు వేలల్లో ఉంటాయి, నీళ్లు చల్లగా ధారగా వస్తూనే ఉంటాయి. సీసా పట్టుకెళ్తే చాలు. శాకాహారులైతే మరినారా పిజ్జా అడగండి. టమాటా, వెల్లుల్లి, నూనె అంతే, చీజ్ కూడా ఉండదు. అమ్మ దాని మీద గోంగూర పచ్చడి రాసుకు తింది. పక్క టేబులు వాళ్లు చూసిన చూపు వర్ణించలేను.

ఫ్లోరెన్స్‌లో నాన్నకి మళ్లీ పండగ. అక్కడి పెద్ద చర్చి గోపురాన్ని బ్రునెలెస్కి 1420లో మొదలుపెట్టి 1436కి పూర్తిచేశాడు, కింద నుంచి సెంట్రింగ్ కట్టకుండా. అంత వెడల్పుకి సరిపడా కర్ర దొరకదు, దొరికినా నిలబడదు. అందుకని రెండు పొరలుగా, ఇటుకల్ని చేపముల్లులా ఏటవాలుగా పేర్చుకుంటూ, ఏ వరసకి ఆ వరస తన బరువు తనే మోసుకునేలా కట్టాడు. "సెంట్రింగ్ లేకుండా స్లాబు వేసినట్టేగదరా!" అని నాన్న రోడ్డు మీదే నిలబడిపోయారు. పైకి 463 మెట్లు, లిఫ్టు లేదు. నేనొక్కణ్నే ఎక్కాను. దానికీ ముందే బుక్ చేసుకోవాలి.

మైకెలాంజిలో చెక్కిన డేవిడ్ శిల్పం ఉండేది అకాడెమియా మ్యూజియంలో. ఊరి నడిబొడ్డున చౌకులో ఉన్నది నకలు. అసలుదాన్ని 1873లో లోపలికి మార్చారు. నాన్న నకలు దగ్గర ఫోటోలన్నీ దిగి "ఇంక లోపలికెందుకు, డబ్బులు దండగ" అన్నారు. వినకండి, వెళ్లండి. ఐదు మీటర్ల పైచిలుకు ఎత్తున్న ఆ మనిషి చేతి మీద నరాలు దగ్గరికెళ్తేనే కనబడతాయి. కానీ అమ్మ ఆగింది డేవిడ్ దగ్గర కాదు, దారిలో ఉన్న సగం చెక్కిన బానిసల బొమ్మల దగ్గర. రాయిలోంచి బయటికి రావడానికి పెనుగులాడుతున్నట్టుంటారు, ఉలి గాట్లు అలాగే ఉంటాయి.

ఉఫిజి మ్యూజియంలో అన్నీ చూడాలనుకోకండి. బోటిచెల్లి అనే చిత్రకారుడి గది చూసి, కిటికీలోంచి నది చూసి బయటికొచ్చేశాం. ఉఫిజి అంటే ఆఫీసులు అనే అర్థం, ఫ్లోరెన్స్‌ని ఏలిన మెడిచీ వంశంవాళ్లు సర్కారు కచేరీల కోసం కట్టించారు. ఆ వంశంలో చివరిది అన్నా మారియా లూయిజా. రాజ్యం వేరేవాళ్ల చేతికి పోతుంటే ఆమె 1737లో ఒప్పందం రాయించింది: తమ ఇంటి బొమ్మలు, పటాలు ఏవీ ఫ్లోరెన్స్ దాటి పోకూడదని. అందుకు రాసిన కారణాల్లో ఒకటి, పరదేశుల కుతూహలం. అంటే మనమేనన్నమాట. ఈ రెండు మ్యూజియంలూ సోమవారం సెలవు, మీ తేదీలు చూసుకోండి.

నేపుల్స్ మురికిగా ఉంటుందని చాలామంది భయపెడతారు. ఉంటుంది. మాకైతే విజయవాడ వన్‌టౌన్‌లో తిరిగినట్టే ఉంది. అక్కడ దిగేది పాంపేయి కోసం. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కింద పూడిపోయిన ఊరు, లోకల్ రైల్లో ముప్పావుగంట లోపే. నీడ ఉండదు. టోపీ, నీళ్లు తప్పనిసరి, గేటు తెరిచే వేళకే వెళ్లండి. రోడ్డు దాటడానికి ఎత్తు రాళ్లు, వాటి మధ్య బండి చక్రాలు అరగదీసిన గాడులు. రొట్టెల కొట్టులో నల్లరాతి తిరగళ్లు చూసి అమ్మకి ప్రాణం లేచొచ్చింది, ఏది ఎలా తిప్పుతారో మాకు ఆవిడే గైడు.

మర్నాడు నేపుల్స్ పురావస్తు మ్యూజియం. నేను అందరికీ చెప్పేది దీని గురించే. 1938లో పాంపేయిలో ఒక ఇంట్లో మన దేశపు ఏనుగు దంతం బొమ్మ దొరికింది. జానెడు కన్నా కాస్త పొడుగు. మొదట లక్ష్మి అన్నారు, ఇప్పుడు యక్షిణి అని ఎక్కువమంది అంటారు. శాతవాహనుల ఏలుబడిలోని భోకర్దన్‌లో (ఇప్పటి మహారాష్ట్ర) దొరికిన దంతపు బొమ్మలు దీనికి దగ్గర పోలిక. చిక్కేమిటంటే అది ఉండేది రహస్య మందిరం అనే గదుల్లో, చుట్టూ ఉన్నవన్నీ శృంగారం బొమ్మలు. అమ్మానాన్నలతో ఆ గదుల్లోంచి నడవడం నా జీవితంలో అతి పొడవైన రెండు నిమిషాలు. నాన్న పైకప్పు కట్టుబడి పరిశీలిస్తూ నడిచారు.

బొమ్మ దగ్గరికొచ్చాక అమ్మ వంగి చూసింది. మోచేతిదాకా గాజులు, కాళ్లకి కడియాలు, రెండు పక్కలా చెలికత్తెలు. "అమరావతి మ్యూజియంలో ఉన్నట్టే ఉంది" అంది. మిరియాలకీ ముత్యాలకీ ఏటా అయిదు కోట్ల సెస్టెర్సులు (రోమన్ నాణేలు) ఇండియాకి పోతున్నాయని ప్లినీ అనే రోమన్ పెద్దమనిషి రాసుకుని ఏడ్చాడు. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేలు ఆ కాలపు వ్యాపారానివే. ఆ ప్లినీ చచ్చిపోయింది కూడా 79లో, ఈ బొమ్మని పూడ్చేసిన అగ్నిపర్వతం దగ్గరే. ఇదంతా చెప్తే నాన్న, "డబ్బు మనకొచ్చిందని ఏడ్చినవాడి పక్కూళ్లోనే మన సరుకు దొరికిందన్నమాట" అని నవ్వారు. మేం వాటికన్‌లో ఆగిన టైము కన్నా ఆ చిన్న బొమ్మ ముందు ఆగిందే ఎక్కువ. ఆ మ్యూజియానికి మంగళవారం సెలవు, ఆ రోజు పాంపేయికి పెట్టుకోండి.